వెనక్కి తిరగని పిడుగు

గిలక్కాయ మోగింది. పిడుగు తిరగలేదు.

చెవుల పరీక్ష చేసే మేడమ్ వాడి కుడి చెవి వెనక, వాడికి కనబడకుండా గిలక్కాయ ఆడించి, కాసేపు ఆగి, ఎడమవైపు వెళ్ళి మళ్ళీ ఆడించింది. తల్లి ఒళ్ళో రాజాలా కూర్చున్న పిడుగు చేతిలో ఉన్న రంగు చెక్కను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. తలెత్తి ఎదురుగా ఉన్న తెల్లగోడను చూశాడు. గోడ మీద బొమ్మ లేదు, బల్లి లేదు, కనీసం మరకైనా లేదు. చూసి చూసి విసుగు పుట్టినవాడిలా మళ్ళీ చెక్కముక్క నోట్లో పెట్టుకున్నాడు.

గిలక్కాయ తర్వాత గంట. గంట తర్వాత స్టీలు కప్పు మీద చెంచా. చెంచా మోతకు పక్కగదిలో ఎవరో తలుపు తీసి తొంగిచూశారు గానీ పిడుగు మాత్రం మళ్ళీ ఆ బోసిగోడనే చూశాడు. మీరు కదలకూడదు, సైగ చెయ్యకూడదు, ఊపిరి కూడా మామూలుగానే తీసుకోవాలి అని మేడమ్ ముందే చెప్పింది. అందుకని వాళ్ళమ్మ బొమ్మలా బిగుసుకుని కూర్చుని, లోపల మాత్రం, తిరగరా నాన్నా, ఒక్కసారి తిరగరా, నీకు దండం పెడతాను అని బతిమాలుతూ, వెయ్యి దేవుళ్ళకు మొక్కుతూ ఉంది.

"ఈ వయసుకి చప్పుడు ఎటునుంచి వస్తే అటు తల తిప్పాలండీ," అంది మేడమ్, స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంటూ. "వీడు ఏ వైపుకీ తిప్పట్లేదు."

"అంటే వినపడదా?"

"ఆ మాట ఇప్పుడే అనను. పిల్లాడు నిద్రపోతున్నప్పుడు తలకి తీగలు అంటించి చేసే పరీక్ష ఇంకోటి ఉంది. అది చేస్తేగానీ తేలదు. ఆ మిషన్ రిపేరుకి వెళ్ళింది, వచ్చే నెల మొదట్లో వస్తుంది. అప్పుడు తీసుకురండి. ఈలోగా ఇంట్లో బాగా గమనించండి. వాడు దేనికి ఏం చేస్తున్నాడో చూడండి, అంతే."

చూడండి, అంతే. ఎంత తేలిగ్గా చెప్పేసిందో! పిడుగు వాళ్ళమ్మ ఆ మాటను చంకలో పిల్లాడితోబాటు మోసుకుంటూ ఇంటికి వచ్చింది.

ఆమెకు ఒక పేరు ఉండేది. ఎనిమిది నెలలుగా దాన్ని ఎవరూ వాడడం లేదు. వీధిలో, కొట్లో, చివరికి మొగుడి నోట్లో కూడా ఆమె ఇప్పుడు పిడుగు వాళ్ళమ్మే. పుట్టిన రోజే ఆసుపత్రి పైకప్పు ఎగిరిపోయేలా ఏడ్చాడని మనవడికి ఆ బిరుదు ఇచ్చింది వాళ్ళ తాత. ఆ తాతది అద్దాల కొట్టు. ముందు గదిలో అమ్మకం, దాని వెనక పొడుగాటి గదిలో కోత, పెరట్లో రేకుల షెడ్డులో అంచులు నూరే మిషను. తాత అద్దం కోస్తాడు, కొడుకు బండి మీద తీసుకెళ్ళి ఇళ్ళల్లో బిగించి వస్తాడు, కోడలు అంచులు నూరి, తుడిచి, మెరుగుపెడుతుంది. ఎవరి వేలికి ఎప్పుడు గుడ్డపీలిక చుట్టి ఉంటుందో చెప్పలేని ఇల్లు అది.

ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. పసిపిల్లలు పని వైపు వీపు పెట్టి కూర్చోవాలి. తాత చిన్నప్పుడు వాళ్ళ నాన్న బల్ల ఎదుట కూర్చుని నోరు తెరుచుకుని చూస్తుంటే చిన్న పెంకు ఎగిరొచ్చి కంటికింద దిగింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. అందుకే పిడుగు గాజుపలకలు వచ్చిన చెక్కపెట్టెలో, నాలుగు దిండ్ల మధ్య, కోతబల్లకు వీపు చూపిస్తూ గది ఆ చివర కూర్చుంటాడు. మరి వాడి మొహం చూడకుండా వీళ్ళకు పని ఎలా సాగుతుంది? దానికీ తాతే ఉపాయం కనిపెట్టాడు. ఒక నిలువుటద్దంలో ఎడమ మూల సన్నటి అల ఉండి, అందులో ఎవరు చూసుకున్నా ముక్కు సాగిపోతుందని ఏళ్ళ తరబడి అమ్ముడుపోలేదు. దాన్ని తెచ్చి పిల్లాడి ఎదురుగోడకు బిగించాడు. ఇక పిల్లాడికి వీళ్ళంతా కనబడతారు, వీళ్ళకు పిల్లాడి మొహం కనబడుతుంది, పెంకు ఎగిరినా వీపునున్న దిండుకు తగులుతుంది. మూడు పిట్టలకు ఒకే రాయి వేశానని తాత వీధంతా చెప్పుకున్నాడు.

కబురు విన్న తాత నమ్మలేదు. "వినపడకపోవడమేంటమ్మా! వాడి గొంతు చూడు, వాడి దర్జా చూడు!" అంటూ కొట్టిపారేశాడు. కొడుకు మాత్రం షెడ్డు వైపు చూశాడు. మిషను ఎంత గోల పెట్టినా గోడకు ఇవతల పిల్లాడు హాయిగా నిద్రపోయేవాడు. పనివాడి బిడ్డంటే వీడూ అని అందరూ మురిసిపోయేవాళ్ళు. ఇప్పుడు ఆ మురిపెం గుర్తొచ్చి ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు.

అందరికంటే ఆమె ఎక్కువ భయపడడానికి కారణం ఉంది. ఆమె అన్నకు వినపడదు, పిల్లాణ్ణి పరీక్షకు తీసుకెళ్ళిందీ అందుకే. ఆ సంగతి నాలుగేళ్ళు వచ్చేదాకా ఎవరికీ తెలియలేదు. పిలిస్తే పలకడని, మొండివాడని, పొగరని వాళ్ళమ్మ వాడి వీపు చిట్లగొట్టేది. చివరికి ఒకరోజు ఉయ్యాల్లో చెల్లెలు గుక్కపట్టి ఏడుస్తుంటే పక్కనే ఆడుకుంటున్న అన్న తల కూడా తిప్పకపోవడం పక్కింటావిడ చూసింది. ఆ ఉయ్యాల్లో ఏడ్చింది ఈమే. ఆ తర్వాత వాళ్ళమ్మ బతికినన్నాళ్ళూ తన అరచేతుల్ని చూసుకుని ఏడ్చేది. ఇప్పుడు ఈమె కూడా పడుకోబోయే ముందు తన అరచేతులు చూసుకోవడం మొదలుపెట్టింది. నిన్నగాక మొన్న చెంచా విసిరేశాడని పిల్లాడి మీద అరిచింది కదా. వాడు పలకలేదు కదా.

సరే, చూడండి అంది కాబట్టి చూడసాగింది. చూడడం మొదలుపెట్టాక తెలిసింది, ఎనిమిది నెలలుగా తను పిల్లాణ్ణి ముద్దు చేసిందే తప్ప చూసింది లేదని. ఎన్ని వింతలో! వాడు చెంచా కింద పడేస్తే అది పొగరుతో కాదు. పడేస్తాడు, అది ఎక్కడికి పోయిందో వంగి చూస్తాడు, మళ్ళీ ఇస్తే మళ్ళీ పడేస్తాడు, ఈసారి కూడా కిందకే పోయిందా అన్నట్టు చూస్తాడు. నేలమీద దూదిపోగు కనబడితే మొన్నటిదాకా అరచెయ్యంతా వేసి ఊడ్చేవాడు, ఇప్పుడు బొటనవేలూ చూపుడువేలూ దగ్గరకు తెచ్చి పట్టుకోబోతున్నాడు. పట్టు చిక్కకపోతే వేళ్ళను కళ్ళ ముందుకు తెచ్చుకుని, తప్పు మీదేనా అన్నట్టు వాటిని పరీక్షిస్తున్నాడు.

ఇంకో వింత. వెనకనుంచి వాడి భుజం మీదుగా దారపుకండె అందిస్తే, వాడు భుజం వైపు చెయ్యి చాపడు. ఎదురుగా, అద్దం వైపు చాపుతాడు. అద్దాన్ని గీకి, కండె దొరక్క, గుర్రుమంటాడు. ఇంతకుముందు దీన్ని చూసి ఇంటిల్లిపాదీ పడీపడీ నవ్వేవాళ్ళు. ఈసారి ఆమెకు నవ్వు రాలేదు. ఏదో ఉంది ఇక్కడ అనిపించింది గానీ ఏమిటో అందలేదు.

ఆదివారం అన్న వచ్చాడు. ఆయన బట్టలు కుడతాడు. కుట్టుమిషను గోడవైపు తిరిగి ఉంటుంది కాబట్టి వెనకనుంచి ఎవరొచ్చినా తెలియడానికి మిషను పైన ఒక అద్దం పెట్టుకున్నాడు. ఆ అద్దం కోసి ఇచ్చింది చెల్లెలే. చెల్లెలిని పిలవాలంటే ఆయన తన భుజం మీద లేని జడను లాగుతాడు. అది ఆమె పేరు. ఆ ఒక్కచోట ఆమెకు ఇంకా సొంత పేరు ఉంది.

సంగతి విన్నాక, అంటే చూశాక, ఆయన పెట్టె పక్కన నేలమీద బాసింపట్టు వేసుకుని చాలాసేపు పిల్లాడినే చూస్తూ ఉండిపోయాడు. చెల్లెలు వెనకనుంచి వచ్చింది. పిల్లాడు అద్దంలోకి చూశాడు. తాత దగ్గాడు. పిల్లాడు అద్దంలోకి చూశాడు. పిల్లాడి నాన్న తలుపు దగ్గర నిలబడ్డాడు. అద్దంలోకే చూశాడు. అన్న మొహం మెల్లగా వెలిగింది. తన గుండె మీద చెయ్యి పెట్టుకుని, అద్దం చూపించి, పిల్లాణ్ణి చూపించాడు.

"నాలాగే. నేనూ ఇంతే. వెనక ఏమున్నా ముందే చూస్తాను."

ఆమె అక్కడే కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేసింది. అన్న కంగారుపడి దగ్గరకు జరిగాడు. ఎందుకు ఏడుస్తోందో ఆయనకు అర్థం కావడానికి కొంచెం టైమ్ పట్టింది. అర్థమయ్యాక ఆ వెలుగు ఆరిపోయింది. రెండు చేతులూ మెల్లగా కదిపి అడిగాడు.

"నాలా ఉంటే అంత కష్టమా?"

ఆ అన్నాచెల్లెళ్ళ మధ్య ఉన్నవి చిన్నప్పుడు వాళ్ళే అల్లుకున్న ఇంటి సైగలు. తిందాం రా, వాన వస్తోంది, అమ్మ కోపంగా ఉంది, పిప్పరమెంటు ఎక్కడ దాచావ్. వాటిలో ఈ ప్రశ్నకు సరిపోయే జవాబు ఏదీ దొరకలేదు. అన్న పిల్లాడి తల నిమిరి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. ఆ పూట ఆమె అన్నం ముట్టలేదు. తనమీద తనకే అసహ్యం వేసింది.

మర్నాడు నిలువుటద్దం తుడుస్తూ ఉంటే అన్న మాట మళ్ళీ గుర్తొచ్చింది. వెనక ఏమున్నా ముందే చూస్తాను. అవును, అన్న చూస్తాడు. ఎందుకు? వినపడదు కాబట్టి. మరి పిడుగు? వాడు అద్దంలో మనుషులు కదలడం చూసి తలెత్తుతున్నాడా, చప్పుడు విని తలెత్తుతున్నాడా? రెండూ ఒక్కలాగే ఉంటాయి కదా! ఆమె తుడిచే గుడ్డ ఆగిపోయింది. మేడమ్ గదిలో గిలక్కాయ మోగితే వీడు చూసింది ఎటు? ఎదురుగోడ వైపు. చెంచా మోగితే? ఎదురుగోడ వైపు. ఆ గోడ మీద బొమ్మ లేదు, బల్లి లేదు. అద్దం కూడా లేదు. మరి దేనికోసం చూశాడు వాడు?

అద్దం కోసమే చూశాడేమో.

ఆమె గబగబా లోపలికి వెళ్ళి దుప్పటి తెచ్చి అద్దం మీద కప్పేసింది. పిల్లాడి చేతికి దారపుకండె ఇచ్చింది. వాడు దాని మీదికి తల వంచి, దారం కొస పీకే పనిలో మునిగేదాకా ఆగింది. తర్వాత అడుగులో అడుగేసుకుంటూ వెనక్కి వెళ్ళి, ఫ్రేముల స్టాండు చాటున నిలబడి పిలిచింది.

"పిడుగూ!"

తల లేచింది. దుప్పటిని చూసింది.

ఆమె "మామయ్యా!" అని పెట్టిన కేకకు తాత చేతిలో గాజుపలక వంకరగా తెగింది.

తాత వచ్చి అంతా విని, గడ్డం గోక్కున్నాడు. "వాడు ఊరికే కూడా తలెత్తుతాడు కదమ్మా. కొట్టుకొచ్చిన వాళ్ళు చూడు, పని ఉన్నా లేకపోయినా అద్దం వైపు ఓ చూపు పడేస్తారు. వీడూ అంతేనేమో." ముసలాయన మాటలో పస ఉంది. అందుకని ఒక పద్ధతి అనుకున్నారు. ఆమె స్టాండు చాటున ఉంటుంది. కొన్నిసార్లు పిలుస్తుంది, కొన్నిసార్లు ఊరికే ఉంటుంది. తాత దుప్పటి పక్కన స్టూలు వేసుకుని, పిల్లాడు తలెత్తినప్పుడల్లా చెయ్యి పైకెత్తాలి.

మొదటిసారి పిలిచింది. తాత చెయ్యి లేచింది. రెండోసారి లేచింది. మూడోసారి ఆమె ఫ్రేముల సందులోంచి కన్ను పెట్టి చూస్తే తాత చెయ్యి ఆకాశంలో ఉంది, పిల్లాడి తల మాత్రం కండెలోనే ఉంది.

"మామయ్యా, మీరు నా గొంతు విని ఎత్తుతున్నారు!"

"నేనెందుకు ఎత్తుతానమ్మా, వాడు చూస్తేనే..." అంటూ తాత మనవడి వైపు చూసి, నాలుక కరుచుకున్నాడు. "నిజమే. ఈ చెయ్యి నా మాట వినట్లేదు. నువ్వు పిలిచేసరికి, వాడు చూస్తే బాగుండు అనిపించి లేచిపోతోంది."

కొడుకుని కూర్చోబెట్టారు. ఆయన చెయ్యి అంతకంటే తొందరపాటుది. ఆమె చెయ్యి అడగనే అక్కర్లేదు. పిలుపు చెవిన పడ్డ ప్రతివాడికీ ఆశ పుడుతుంది, ఆశ పుట్టగానే చెయ్యి లేస్తుంది. పిలిచినట్టు తెలియకూడదు, పిల్లాణ్ణి మాత్రం కన్నార్పకుండా చూడాలి. అలాంటి మనిషిని ఎక్కడనుంచి తేవాలి అని తాత అడుగుతుండగానే ఆమెకు తట్టింది. తట్టి, సిగ్గుతో తల వంచుకుంది. అన్నను రమ్మని కబురు పెట్టడానికి ఆమెకు రెండు రోజులు పట్టింది.

అన్న వచ్చాడు. పోయినసారి సంగతి ఎత్తలేదు. ఏం చెయ్యాలో చెబితే శ్రద్ధగా విన్నాడు, అంటే కళ్ళు చిట్లించి చూశాడు. ఎందుకో చెప్పబోతే, అక్కర్లేదన్నట్టు చెయ్యి ఊపాడు. దుప్పటి పక్కన స్టూలు మీద కూర్చుని, గుడ్డ కొలిచేముందు చూసినట్టు పిల్లాణ్ణి ఎగాదిగా చూసి, సరే కానివ్వు అన్నాడు.

ఆమె స్టాండు చాటుకు వెళ్ళింది. మొగుడు వీధితలుపు దగ్గర కాపలా, తాత అన్న స్టూలు వెనక. కాసేపు ఊరికే నిలబడింది. అన్న చెయ్యి మోకాలి మీదే ఉంది.

"పిడుగూ!"

చెయ్యి లేచింది.

మళ్ళీ ఆగింది. చాలాసేపు ఆగింది. చెయ్యి కదలలేదు. మళ్ళీ పిలిచింది. లేచింది. చిన్నగా పిలిచింది, లేచింది. ఇంకా చిన్నగా, దాదాపు గొణిగినట్టు పిలిచింది. కొంచెం ఆలస్యంగానైనా లేచింది. ఈసారి పిలవకుండా నిలబడింది. చెయ్యి లేచింది.

ఆమె నీరుగారిపోయింది. అయిపోయింది, అంతా ఊరికే, వాడు ఎప్పుడు పడితే అప్పుడు తలెత్తుతున్నాడు. చాటునుంచి బయటికి వచ్చి, "ఇప్పుడు నేను పిలవలేదండీ," అంది ఏడుపు గొంతుతో.

"నువ్వు పిలవకపోతేనేం," అన్నాడు మొగుడు తలుపు దగ్గర నుంచి. "ఇందాక వీధిలో లారీ హారన్ కొట్టాడు కదే. వినలేదా?"

ఆమె వినలేదు. పిలవకుండా ఉండడంలో అంతలా మునిగిపోయింది. తాత వినలేదు, ఆయన మనవడి మొహంలోకి దూరిపోయి ఉన్నాడు. ఆ గదిలో లారీ హారన్ విన్నవాడు పిడుగు. విన్నాడని చెప్పింది అన్న చెయ్యి.

తాత తుండుగుడ్డలో మొహం దాచుకున్నాడు. పరీక్ష ఇక సాగలేదు, ఎందుకంటే పిడుగు దాన్ని ఆట చేసేశాడు. తను తలెత్తితే మేనమామ చెయ్యి లేస్తోందని వాడు కనిపెట్టేశాడు. తలెత్తడం, మామ చెయ్యి చూడడం, కిలకిలా నవ్వడం, తల దించడం, మళ్ళీ ఎత్తడం. అన్న పాపం నిజాయితీగా ప్రతిసారీ చెయ్యి ఎత్తుతూనే ఉన్నాడు. ఆమె వెళ్ళి ఆ చేతిని పట్టుకుని ఆపింది.

"ప్రతిసారీ పిలిచావా?" అని అడిగాడు.

ఆమె తలూపి, ఒక్కసారి మాత్రం లారీ అని వీధివైపు చూపించింది.

"వింటాడు," అన్నాడు అన్న. నవ్వాడు. మనస్ఫూర్తిగానే నవ్వాడు. కానీ ఆ తర్వాత ఆయన చేతులు పని లేనట్టు ఒళ్ళో పడి ఉన్నాయి. పిల్లాడు తనలా లేడని తన చేత్తోనే చెప్పించారు కదా.

ఆమె ఎదురుగా నేలమీద కూర్చుంది. జవాబు బాకీ ఉంది. ఇంటి సైగల్లో లేకపోతే కొత్తగా చేసుకోవాలి. నేలకు జానెడు ఎత్తున చెయ్యి పెట్టి చిన్నప్పటి అన్నను చూపించింది. జడ లాగి చూపించి, ఉయ్యాల ఊపింది. అమ్మ అని చూపించి, చెయ్యి ఎత్తి కొట్టడం చూపించింది. తర్వాత తన రెండు కళ్ళూ మూసుకుంది. తెరిచి, అన్నను చూపించి, అడ్డంగా తలూపింది.

"నువ్వు కాదు. నువ్వంటే కాదు నా భయం. నిన్ను ఎవరూ చూడలేదు, నాలుగేళ్ళు. నేనూ అలా చూడకుండా ఉంటానేమోనని."

అన్నకు ఎంత అర్థమైందో తెలియదు. ఆయన చాలాసేపు తన వీపు వెనక్కి చెయ్యి పెట్టుకుని, పాత దెబ్బలు తడుముకుంటున్నట్టు కూర్చున్నాడు. తర్వాత చెల్లెలి అరచేతులు తీసుకుని, తిప్పి చూసి, వాటిలో గాజుగీతలు తప్ప ఇంకేం లేదన్నట్టు వదిలేశాడు.

మేడమ్ దగ్గరి మిషన్ బాగుపడి వచ్చింది. నిద్రపోతున్న పిడుగు తలకు తీగలు అంటించి చూసిన మేడమ్, రెండు చెవులూ దివ్యంగా ఉన్నాయని చెప్పింది. అప్పుడు ఆమె సంచీలోంచి జానెడు అద్దం తీసి, జరిగిందంతా చెప్పింది. మేడమ్ కుర్చీ అంచుకు జరిగి కూర్చుంది. పిల్లాడు నిద్ర లేచేదాకా ఆగి, ఆ అద్దాన్ని తనే తెల్లగోడకు తగిలించి, వెనక్కి వెళ్ళి గిలక్కాయ ఆడించింది. పిడుగు తలెత్తాడు, అద్దంలో మేడమ్‌ను చూశాడు, ఉన్న రెండు పళ్ళూ బయటపెట్టి నవ్వాడు.

"అబ్బ! ఆ రోజు నేను తల తిరుగుతుందా అని చూస్తూ కూర్చున్నాను. కళ్ళు పైకెళ్ళడం చూశాను గానీ లెక్కలోకి తీసుకోలేదు," అంది మేడమ్, మళ్ళీ ఒకసారి గిలక్కాయ ఆడిస్తూ. "వీడి దృష్టిలో వీడు సరిగ్గానే చేస్తున్నాడండీ. చప్పుడైతే మనిషి ఎదురుగా కనబడతాడు. పుట్టినప్పటినుంచీ వీడు చూసిన లోకం అదే కదా." పెట్టెను రోజుకో చోట, రోజుకో వైపు పెట్టమంది. నూరే మిషను నడిచేటప్పుడు పిల్లాణ్ణి షెడ్డుకు దూరంగా, ముందు గదిలో ఉంచమంది. అద్దం మాత్రం పారెయ్యొద్దంది.

తాతకు ఏ పనైనా సగంలో ఆపే అలవాటు లేదు. కొట్లో ఉన్న అద్దాలన్నీ గోడకు మొహం పెట్టి నిలబెట్టేశాడు. వచ్చినవాళ్ళు, ఏమయ్యా, అద్దాల కొట్టు పెట్టి అట్టలు అమ్ముతున్నావా అని ఎగతాళి చేశారు. "చూసుకునేంత అందగాళ్ళు ఎవరూ రావట్లేదు," అని తాత కూడా తగ్గకుండా జవాబిచ్చాడు.

పిడుగు మొదటిసారి వెనక్కి తిరిగిన రోజు ఆమె గాజు తుడుస్తూ మామూలుగానే పిలిచింది. వాడు ఎదురుగోడను చూశాడు. అక్కడ ఏమీ లేదు. మళ్ళీ పిలిచింది. వాడి నుదురు ముడిపడింది. తల కొంచెం పక్కకు కదిలింది, ఆగింది, ఇంకొంచెం కదిలింది, తలతోపాటు ఒళ్ళంతా తిరగబోయి, పట్టు తప్పి దిండు మీద వెల్లకిలా పడ్డాడు. అక్కడినుంచి తలకిందులుగా కనబడింది అమ్మ. ఆమెను చూశాడు, గోడను చూశాడు, మళ్ళీ ఆమెను చూశాడు. ఈవిడ ఇక్కడ కూడా ఉంటుందా అని వాడికి ఒకటే ఆశ్చర్యం. ఆమె పరుగెత్తుకెళ్ళి ఎత్తుకుంది. వాడు ఆమె ముక్కు పట్టుకుని చూశాడు. అద్దంలోలా ఇది సాగలేదు.

నెల తిరిగేసరికి పిలిస్తే చాలు, తల గిర్రున తిరుగుతోంది. తాత అద్దాలన్నీ మళ్ళీ యథాప్రకారం తిప్పేశాడు. సాగే ముక్కుల అద్దం కూడా తన చోటికి వచ్చింది.

ఒక ఆదివారం పొద్దున పిడుగు దాని ముందు, పెట్టెలో కూర్చుని దారపుకండెతో కుస్తీ పడుతున్నాడు. ఆమె బల్ల దగ్గర ఉంది. వాడు ఎందుకో తలెత్తి అద్దంలోకి చూశాడు. చూసి, కండె వదిలేశాడు. ఖాళీ అయిన చేతిని మెల్లగా, అది ఎంతవరకు వస్తుందో తనకే తెలియనట్టు, చెవిదాకా, తలదాకా, తల పైదాకా లేపాడు. లేపి, పడిపోబోతూ, అలాగే పట్టి ఉంచాడు.

ఎవరూ పిలవలేదు. ఏ చప్పుడూ కాలేదు. ఆమె వెనక్కి తిరిగి చూసింది. గుమ్మంలో అన్న నిలబడి ఉన్నాడు, చంకలో సంచీతో, ఇంకా చెప్పులు విడవకుండా.

అన్న సంచీ కింద పెట్టి చెయ్యి పైకెత్తాడు. అద్దంలో ఆ చేతిని చూసి పిడుగు కేరింతలు కొట్టాడు. రెండో చెయ్యి కూడా ఎత్తేశాడు. అన్న చెల్లెలి వైపు తిరిగాడు. కళ్ళు తడిగా ఉన్నాయి. గుండె మీద చెయ్యి పెట్టుకుని, పిల్లాణ్ణి చూపించి, కనుబొమలెత్తి అడిగాడు.

"నాలాగే?"

"నీలాగే," అంది ఆమె రెండు చేతులతో, ఈసారి తడుముకోకుండా.